బీరువాలో దాచుకోవాల్సిన కాగితం: క్లినికల్ ట్రయల్‌లో చేరే రోగి ఏం ఇస్తున్నాడు, ఏం అడగాలి

1897 ఆగస్టు. సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత ఒక బేరం ఒప్పించాడు రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు. లార్వాల నుంచి పెంచిన దోమల చేత కుట్టించుకోవాలి. కుట్టిన దోమకు ఒక అణా. ఎనిమిది దోమలు కుట్టాయి, ఎనిమిది అణాలు చేతికొచ్చాయి. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. మలేరియా దోమ ద్వారానే వ్యాపిస్తుందని తేల్చే దారి అక్కడ తెరుచుకుంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు.

ఆ ఎనిమిది దోమల పొట్టలో ఉన్నది హుసేన్ ఖాన్ రక్తం. ఆ రక్తం లేకుండా ఆ నోబెల్ లేదు. వైద్యశాస్త్రంలో ఏ ఆవిష్కరణ కథ తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఇలాంటి మనిషి ఉంటాడు. ఆనాడు రోగికి అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాలన్న నియమం లేదు, రాసుకున్న కాగితం లేదు. అణాల లెక్క ఒక్కటే ఉంది.

ఇప్పుడు కాగితం ఉంది. హైదరాబాద్ ఈ రోజు మందులకూ టీకాలకూ పేరుపడ్డ ఊరు. 2020లో కోవాగ్జిన్ తొలి దశ పరీక్షలకు నిమ్స్ ఆసుపత్రిలో వాలంటీర్లు వరుసలో నిలబడ్డారు. క్యాన్సర్, షుగర్, కిడ్నీ, కీళ్ల జబ్బుల మందులకు పెద్దాసుపత్రుల్లో ఎప్పుడూ ఏదో ఒక ట్రయల్, అంటే మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనం, నడుస్తూనే ఉంటుంది. అలాంటి చోట ఓపీలో కూర్చున్న రోగిని ఏదో ఒక రోజు అడుగుతారు: "ఒక కొత్త మందు స్టడీ జరుగుతోంది, చేరతారా?" మన దగ్గర ఎక్కువగా వినిపించే జవాబు, "మీరెలా చెబితే అలా, డాక్టరు గారూ." వైద్యం విషయంలో ఆ జవాబుతో ఎలాగో నడిచిపోవచ్చు. పరిశోధన విషయంలో అది చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే ఈ వ్యాసం.

వైద్యం వేరు, పరిశోధన వేరు. వైద్యంలో డాక్టరు చూసేది ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని. మందు పడకపోతే మారుస్తాడు, డోసు తగ్గిస్తాడు, వేరే డాక్టరు దగ్గరికి పంపుతాడు. పరిశోధనలో వెతికేది ముందు ముందు వచ్చే వేలమంది రోగులకు పనికొచ్చే జవాబు కోసం. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని రోజులకు ఒకసారి రక్తం తీయాలి అన్నది ప్రోటోకాల్ అనే రాతపుస్తకం ముందే నిర్ణయిస్తుంది. డాక్టరూ దానికి లోబడే నడవాలి. ఇబ్బందేమిటంటే రెండూ జరిగేది ఒకే గదిలో, ఒకే తెల్లకోటు చేతుల మీదుగా. అందుకే ట్రయల్‌లో ఉన్న రోగులు చాలామంది తమకు "స్పెషల్ ట్రీట్‌మెంట్" జరుగుతోందని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత అడిగేవాళ్లదే. సరిదిద్దకుండా సంతకం తీసుకుంటే, కాగితం మీద ఎన్ని పేజీలున్నా అది సమ్మతి కాదు.

ఎవరికి ఏ మందు అన్నది చాలా ట్రయల్స్‌లో చీటీలు వేసినట్టు తేలుస్తారు. కొత్త మందు ఒక గుంపుకు, పాత మందు మరో గుంపుకు. కొన్నిసార్లు రెండో గుంపుకు ప్లాసిబో, అంటే చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియకుండా చేస్తారు. వినగానే ఇది అన్యాయంగా తోస్తుంది. నా ప్రాణంతో చీటీలాటా అని రోగి అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ డాక్టరుకు ఇష్టం వచ్చినట్టు పంచితే, కాస్త బలంగా ఉన్నవాళ్లు తెలియకుండానే కొత్త మందు వైపుకు చేరతారు, ఆ తర్వాత బాగుపడింది మందు వల్లో వాళ్ల ఒంటి బలం వల్లో ఎవరూ చెప్పలేరు. మంచి మందు ఇప్పటికే ఉన్న జబ్బుకు దాన్ని ఆపేసి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. ఉన్న మందు కొనసాగిస్తూ దానికి తోడుగా కొత్తదో ఉత్తుత్తిదో ఇస్తారు. ఏ గుంపులో పడ్డా తన పాత మందు కొనసాగుతుందా అన్నది రోగి తప్పక అడగాల్సిన ప్రశ్న.

చీటీ వేయడం ఎంత మేలు చేయగలదో చూపించిన పరీక్ష మద్రాసులో జరిగింది. 1950లలో క్షయ రోగి అంటే శానటోరియం. మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట్ల మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. దేశంలో క్షయ రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో 193 మంది పేద రోగుల్ని చీటీ పద్ధతిలో రెండుగా విడదీశారు. కొందరు శానటోరియానికి, కొందరు ఇరుకు ఇళ్లలోనే ఉండి మాత్రలు వేసుకోవడానికి. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబంలో వాళ్లకు అంటుకోవడమూ పెరగలేదు. 1959లో ఆ ఫలితం బయటికొచ్చాక క్షయ చికిత్స ప్రపంచమంతా ఆసుపత్రి మంచం మీద నుంచి ఇంటి గడపకు మారింది. శానటోరియమే మేలని పెద్ద పెద్ద వైద్యులు నమ్మిన కాలమది. చీటీలు వేయకపోయి ఉంటే ఆ నమ్మకాన్ని కదిలించే సాక్ష్యం దొరికేది కాదు.

ఇక తెలుగు నేల మీద, మర్చిపోకూడని కథ ఒకటి ఉంది. నిజానికి అవి రెండు కథలు. ఒకే ఏడాది, ఒకే రకం టీకాతో మొదలయ్యాయి.

మొదటిది ఖమ్మం జిల్లాది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో వేయించాయి. 10 నుంచి 14 ఏళ్ల లోపు బాలికలు, సుమారు 14 వేల మంది. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇదే జరిగింది. ఆదివాసీ బాలికలు, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు వీళ్లలో చాలామంది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాల, ఆరోగ్య ఉద్యమకారుల నిరసనలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకా కారణం కాదనే విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ అదే విచారణలో సమ్మతి పత్రాలు తీసి చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఈ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారు. బతికే ఉన్నారు. బస్సెక్కితే కొన్ని గంటల దూరంలో ఉన్నారు. ఆ పత్రాల మీద వాళ్ల సంతకం లేదు. పోడు చేసుకునే తల్లికి టీకా సంగతి ఏం అర్థమవుతుందిలే అన్న తేలిక భావం ఆ సంతకాల వెనుక ఉంది. దానికి తోడు ఆ కార్యక్రమాన్ని క్లినికల్ ట్రయల్ అనకుండా "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు. పేరు మారితే ట్రయల్‌లో ఉండాల్సిన కట్టుదిట్టాలు, బీమా, దుష్ఫలితాల నమోదు అన్నీ సడలిపోయాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ తీరును గట్టిగా తప్పుబట్టింది.

టీకా మంచిది. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఎన్నో దేశాల అనుభవం రుజువు చేసింది. మంచి టీకాను మనుషుల్ని అడగకుండా వేయడం వల్ల జరిగిన నష్టం ఇది. ఖమ్మం పేరు వినగానే హెచ్‌పీవీ టీకా అంటే భయపడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ భయానికి మూలం సీసాలో లేదు, ఆ 2,763 సంతకాల్లో ఉంది.

రెండో కథ దాదాపు ఎవరికీ తెలియదు. అదే 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం భారత్‌లో వేరే అధ్యయనం మొదలుపెట్టింది. అది పరిశోధనగానే, పరిశోధన పేరుతోనే జరిగింది. దేశంలో అది నడిచిన కేంద్రాల్లో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ప్రశ్న చిన్నది: మూడు డోసుల బదులు రెండు సరిపోతాయా? టీకాలు వేస్తుండగానే 2010 ఏప్రిల్‌లో ఖమ్మం, వడోదర గొడవ వల్ల కేంద్రం ఇలాంటి అధ్యయనాలన్నిటిలో టీకా ఆపమంది. దాంతో మూడు వేయించుకోవాల్సిన వాళ్లలో కొందరికి రెండే పడ్డాయి, మూడో రెండో వేయించుకోవాల్సిన వాళ్లలో చాలామందికి ఒక్కటే పడింది. అలా ఒక్క డోసుతో మిగిలిపోయిన అమ్మాయిలు దాదాపు 5 వేల మంది. అధ్యయనం అక్కడితో చెడిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

కానీ పరిశోధకులు ఆ అమ్మాయిల్ని వదల్లేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ అమ్మాయిలూ వాళ్ల కుటుంబాలూ పరిశోధకుల్ని వదల్లేదు. చదువులు ముగించారు, పెళ్లిళ్లయ్యాయి, ఊళ్లు మారారు. అయినా పిలిచినప్పుడు వచ్చి నమూనాలిచ్చారు. పదేళ్ల లెక్కలు 2021లో వెలువడ్డాయి. శరీరంలో తిష్ఠవేసే హెచ్‌పీవీ వైరస్ 16, 18 రకాల ఇన్‌ఫెక్షన్ నుంచి మూడు డోసులు 93.3 శాతం, రెండు డోసులు 93.1 శాతం, ఒక్క డోసు 95.4 శాతం రక్షణ ఇచ్చాయి. అంటే ఒక్కటి చాలు. ఇలాంటి సాక్ష్యాలన్నీ కలిసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని కూడా ఆమోదించేలా చేశాయి. ఒక్కరికి మూడు సూదులు వేసే ఖర్చుతో ముగ్గురు ఆడపిల్లలకు టీకా అందించే వీలు పేద దేశాలకు దక్కింది. ఆ మార్పు వెనుక ఉన్నవాళ్లలో మన ఊళ్ల అమ్మాయిలు కూడా ఉన్నారు. రోడ్డు మీద ఎదురుపడితే ఎవరూ గుర్తుపట్టరు.

2011లో పిడుగురాళ్ల పేరు వార్తల్లోకొచ్చింది. సున్నపు బట్టీల ఊరు అది. అక్కడి పేద మహిళల్ని డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి క్యాన్సర్ మందు మీద పరీక్షలు చేశారు. వాళ్లకు క్యాన్సర్ లేదు. ఆ తరహా పరీక్షలో, ఒక కంపెనీ చేసిన మాత్ర అసలు మాత్రలాగే రక్తంలోకి చేరుతుందా అని ఆరోగ్యవంతుల మీద చూస్తారు. ఇది చట్టం ఒప్పుకున్న పద్ధతే. చవక మందులు దేశానికి దొరుకుతున్నది ఇలాంటి పరీక్షల వల్లే. కానీ తిరిగొచ్చాక కీళ్ల నొప్పులు, నీరసం అంటూ ఆ మహిళలు మంచం పట్టినప్పుడు, తాము దేనికి ఒప్పుకున్నామో వాళ్లలో చాలామంది చెప్పలేకపోయారు. దళారి చెప్పిన డబ్బు గుర్తుంది, మందు పేరు గుర్తులేదు. ఇలాంటి పరీక్షల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. డబ్బు కోసం ఒకచోట నుంచి వచ్చి వారం తిరక్కుండా ఇంకోచోట చేరితే పాత మందు ఒంట్లో ఉండగానే కొత్తది కలుస్తుంది. అక్కడ దెబ్బతినేది మొదట ఆ మనిషి, తర్వాత ఆ పరీక్ష ఫలితం.

ఈ సంఘటనలన్నీ పోగుపడి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన కేసులో కేంద్రం ఇచ్చిన లెక్కల ప్రకారం 2005 నుంచి 2012 దాకా 475 కొత్త మందుల ట్రయల్స్ సమయంలో 2,644 మంది చనిపోయారు. అందులో 80 మరణాలకు ట్రయలే కారణమని తేలింది. ఈ రెండు అంకెల్నీ కలిపే చదవాలి. మొదటిదాన్ని ఒక్కదాన్నే చెబితే భయపెట్టినట్టవుతుంది, ఎందుకంటే ముదిరిన క్యాన్సర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు ట్రయల్‌లో లేకపోయినా చనిపోయే అవకాశం ఎక్కువ. రెండోదాన్ని ఒక్కదాన్నే చెబితే, 80 కుటుంబాల సంగతి గణాంకంగా మారిపోతుంది. కోర్టు ఆదేశాలతో సమ్మతి తీసుకునే తతంగాన్ని వీడియో తీయడం మొదలైంది. ఆ తర్వాత 2019 మార్చి 19న కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. ఇప్పుడు రోగికి అండగా ఉన్న చట్టం అదే.

ఆ నియమాల్లో ప్రతి ఇంటికీ తెలియాల్సింది పరిహారం సంగతి. ట్రయల్ వల్ల ఒంటికి హాని జరిగితే వైద్యం ఉచితం, ఆ ఖర్చు స్పాన్సర్, అంటే ట్రయల్ జరిపించే కంపెనీయో సంస్థో, పెట్టుకోవాలి. ఆ హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేదాకా, లేదా వైద్యం ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పేదాకా అందించాలి. మరణమో శాశ్వత వైకల్యమో సంభవిస్తే డబ్బు లెక్క సూత్రం ప్రకారం కడతారు. మరణానికైతే 8 లక్షల రూపాయలు మూలం. దాన్ని వయసును బట్టి ఒక సంఖ్యతోనూ, జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 దాకా ఉండే మరో సంఖ్యతోనూ (జబ్బు ముదిరేకొద్దీ ఇది తగ్గుతుంది, ఆరోగ్యవంతుడికి 4) హెచ్చించి, 99.37తో భాగిస్తారు. ఉదాహరణకు 40 ఏళ్ల మనిషికి వయసు సంఖ్య 184.17. జబ్బు ఒక మోస్తరు ప్రమాదకరమైతే తీవ్రత సంఖ్య 2. లెక్క వేస్తే సుమారు 29 లక్షల 65 వేలు. అదే 30 ఏళ్ల ఆరోగ్యవంతుడైన వాలంటీర్ అయితే 67 లక్షల దాకా వస్తుంది. నెలలోపు చనిపోయే ప్రమాదం 90 శాతానికి పైగా ఉన్న రోగి విషయంలో మాత్రం సూత్రం లేదు, 2 లక్షలు కచ్చితంగా. జబ్బు ముదిరినవాడి ప్రాణానికి విలువ తగ్గించినట్టు కనబడే ఈ లెక్క మీద అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు, ఆ అభ్యంతరంలో బలముంది. పేద ఇంట్లో సంపాదించే మనిషి క్యాన్సర్ రోగి అయినంత మాత్రాన ఆ ఇంటికి కలిగే లోటు తగ్గదు.

గడువులు కూడా రాసే ఉన్నాయి. తీవ్రమైన హాని జరిగితే ట్రయల్ నడిపే డాక్టరు 24 గంటల్లో కేంద్ర ఔషధ అధికారికి, స్పాన్సర్‌కు, రోగుల తరఫున ట్రయల్‌కు కాపు కాసే ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ఎథిక్స్ కమిటీ 30 రోజుల్లో తన మాట చెప్పాలి. పరిహారం కట్టాలని ఆదేశం వచ్చాక స్పాన్సర్ 30 రోజుల్లో చెల్లించాలి. కొత్త మందు వికటించినప్పుడే కాదు. ప్రోటోకాల్ తప్పినా, పరీక్షల కోసం చేసిన ఏ పనివల్ల హాని జరిగినా, ఉన్న మంచి వైద్యం ఇవ్వకుండా ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టడం వల్ల నష్టం జరిగినా, తల్లో తండ్రో ట్రయల్‌లో ఉండటం వల్ల కడుపులో బిడ్డకు హాని కలిగినా పరిహారం దక్కాల్సిందే. ఇవన్నీ తెలిసిన రోగులు ఎంతమంది? తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. కన్సెంట్ ఫారంలో, అంటే సమ్మతి పత్రంలో, ఇవి ఎక్కడో పదో పేజీలో ఉంటాయి, సంతకం చేయాల్సిన చోట మాత్రం గుర్తుపెట్టి చూపిస్తారు.

కాబట్టి ఆ ఫారం గురించి వివరంగా మాట్లాడుకోవాలి. మొదటి మాట, అక్కడికక్కడే సంతకం చేయాల్సిన పని లేదు. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని, కొడుకునో కూతురినో మన ఊరి ఆర్‌ఎంపీనో అడిగి, రేపో ఎల్లుండో వచ్చి చెప్పవచ్చు. ఆ వ్యవధి ఇవ్వనివాళ్ల ట్రయల్‌లో చేరకపోవడమే మంచిది. చదువు రాని మనిషైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించి అప్పుడు వేలిముద్ర తీసుకోవాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఇష్టం కూడా అడగాలి. మన ఇళ్లలో గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. పెళ్లయిన ఆడమనిషి రోగి అయితే భర్తో కొడుకో సంతకం పెట్టేసి, "మేం చూసుకుంటాంలే" అనడం మామూలు. సొంతంగా నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న పెద్దవయసు మనిషి సంతకం బదులు ఇంకొకరి సంతకం చెల్లదు. ఆమె శరీరం, ఆమె సంతకం.

భాష దగ్గర పెద్ద చిక్కుంది. ఫారం తెలుగులో ఉండాలన్నది నియమం, ఉంటుంది కూడా. కానీ ఏ తెలుగులో? "యాదృచ్ఛికీకరణ", "ప్రతికూల సంఘటన" లాంటి మాటలు పలికేటప్పటికే మనిషి అలసిపోతాడు. "చీటీ తీసి ఎవరికి ఏ మందో తేలుస్తాం", "ఒంటికి పడకపోతే" అంటే పదో తరగతి తప్పిన రైతుకూ అర్థమవుతుంది. అంతకంటే లోతైన చిక్కు "ప్రయోగం" అనే మాటది. పత్రికల్లో "మనుషుల మీద ప్రయోగాలు" అని చదివి చదివి ఆ మాటంటేనే జనానికి భయం. అందుకని ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్లు దాన్ని పలకరు. "స్టడీ" అంటారు, "కొత్త ట్రీట్‌మెంట్" అంటారు. భయపెట్టకూడదన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ మందు పనిచేస్తుందో లేదో మాకూ ఇంకా తెలియదు, అది తెలుసుకోవడానికే ఇదంతా అన్న ఒక్క వాక్యం చెప్పకుండా దాటేస్తే, ఖమ్మంలో "డెమాన్‌స్ట్రేషన్" అన్నప్పుడు జరిగిందే చిన్న ఎత్తున ప్రతి ఓపీ గదిలో జరుగుతుంది.

ఫారం చేతికొచ్చాక చూడాల్సినవి ఉన్నాయి. ఇది ఎన్నో దశ ట్రయల్ అన్నది ముందు తెలుసుకోవాలి. మొదటి దశలో మనిషి ఒళ్లు మందును తట్టుకుంటుందా అనే చూస్తారు, ఫలితం మీద ఆశ పెట్టుకోకూడదు. మూడో దశకొచ్చిన మందు అప్పటికే వందలమంది ఒంట్లోకి వెళ్లి ఉంటుంది. ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి, బస్సు చార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు, ట్రయల్ కోసం చేసే స్కాన్లకు రోగి దగ్గర డబ్బు తీసుకుంటారా (తీసుకోకూడదు), ఖర్చు పెడుతున్న కంపెనీ ఏది అన్నవి మొహమాటం లేకుండా అడగాలి. ఆ ట్రయల్ సీటీఆర్ఐలో, అంటే 2007 నుంచి నడుస్తున్న జాతీయ నమోదు పుస్తకంలో ఉందా అన్నది ఫోన్ ఉన్న పిల్లవాడెవరైనా అయిదు నిమిషాల్లో చూసిపెడతాడు. నమోదు లేకపోతే చేరకూడదు. మధ్యలో మానేస్తే మామూలు వైద్యానికి అడ్డు రాదన్న వాక్యం ఫారంలో తప్పక ఉంటుంది. కారణం చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

రోగి వైపు నుంచీ ఒక నిజాయితీ కావాలి. ఇంట్లో వాడుతున్న నాటు మందు, ఆయుర్వేదం, పక్కింటివాళ్లిచ్చిన షుగర్ పొడి దాచకూడదు. మాత్ర మర్చిపోతే మర్చిపోయానని చెప్పాలి, డాక్టరు తిడతాడేమోనని ఖాళీ షీట్ చూపించకూడదు. ఆ ఒక్క అబద్ధం రేపు వేలమందికి డోసు తప్పుగా నిర్ణయించడానికి దారితీయవచ్చు.

ఇంత జాగ్రత్త చెప్పాక, అసలెందుకు చేరాలి అన్న ప్రశ్న వస్తుంది. జవాబు మన రక్తంలోనే ఉంది. ఆపరేషన్ ముందు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. ఎవరికైనా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి మాత్రం దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వల్ల గంటల తరబడి కండరాలు కదలవు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఇందుకు కారణమైన జన్యు మార్పును పరిశోధకులు గుర్తించారు. ఇప్పుడు ఈ సంగతి తెలిసిన మత్తు వైద్యులు ముందే అడిగి వేరే మందు వాడతారు. యూరప్‌లో, అమెరికాలో వేలమందిలో సురక్షితమని తేలిన మందు మన ఇంట్లో ఒకరికి ఎందుకు వికటించిందో, మన మనుషుల్లో ఎవరో రక్తం ఇస్తేనే తెలిసింది. అందరం దూరంగా ఉంటే మందుల డోసులు వేరే వాళ్ల ఒళ్లను బట్టే తయారవుతాయి, తెలుగు రోగి వాటిని కొని మింగుతాడు.

ట్రయల్ అయిపోయే రోజు గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు. మందు పనిచేసి, దానికి సాటి వేరే మందు లేనప్పుడు, డాక్టరు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ట్రయల్ ముగిశాక కూడా ఆ మందును స్పాన్సర్ ఉచితంగా ఇవ్వాలని 2019 నియమాలు చెబుతున్నాయి. అడిగినవాళ్లకే ఇది గుర్తుకొస్తుంది. చివరికి ఫలితం ఏమైంది, తమకు పడింది మందా ఉత్తుత్తి మాత్రా అన్నది కూడా చాలామంది వాలంటీర్లకు ఎవరూ చెప్పరు. ఒక పేజీ తెలుగు ఉత్తరం రాయడానికి ఖర్చు ఎక్కువేమీ కాదు. పదేళ్లపాటు పిలిస్తే వచ్చిన అమ్మాయిలకు, ఒక్క డోసు చాలని తేల్చింది మీరేనని చెప్పడం పరిశోధకుల పనిలో భాగమే.

సంతకం చేసిన ఫారం నకలు రోగికి ఇవ్వడం తప్పనిసరి. దాని మీద ట్రయల్ డాక్టరు ఫోన్ నంబరూ, ఎథిక్స్ కమిటీ నంబరూ ఉంటాయి. ఆ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులు, వాళ్లలో కనీసం సగం మంది ఆసుపత్రికి బయటివాళ్లు. లాయరు ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషీ ఉండాలి, కనీసం ఒక మహిళ ఉండాలి. డాక్టరు మాట వినకపోతే ఫోన్ చేయాల్సింది అక్కడికి. ఆ కాగితాన్ని బీరువాలో రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం ఉన్న కవర్లోనే పెట్టి, ఎక్కడుందో ఇంట్లో ఇంకో మనిషికి చెప్పి ఉంచాలి.